గనిలో గ్యాసు లేదు, గంట ఎందుకు మోగింది?

భూగర్భ గనిలోకి షిఫ్టు దిగకముందే ఒక మనిషి దిగి చూసి వస్తాడు. ఆయనను మైనింగ్ సర్దార్ అంటారు. ఆయన దేనికోసం వెతుకుతాడో మీకు తెలుసా? గోదావరిఖని పిల్లలను అడిగితే వెంటనే చెబుతారు – గ్యాసు కోసం! ఊరి పేరులోనే గని ఉన్నవాళ్లు గదా!

బొగ్గు పొరల్లో మీథేన్ అనే వాయువు దాగి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది నూటికి 5 నుంచి 15 పాళ్లకు చేరిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. ఈ వాయువు అంటుకోకుండా వెలుతురు ఇవ్వడానికి 1815లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఒక దీపాన్ని తయారు చేశాడు. మంట చుట్టూ సన్నని లోహపు జాలీ ఉండే ఆ దీపమే సేఫ్టీ ల్యాంపు. మీథేన్ ఉంటే ఆ మంట మీద లేత నీలిరంగు టోపీ కనిపిస్తుంది. ప్రాణవాయువు తగ్గితే మంట కుంగి ఆరిపోతుంది. తరువాతి కాలంలో ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాయి. గ్యాసు హద్దు దాటితే అవి గంట కొడతాయి.

గంట మోగితే పని ఆపి బయటికి రావాలి. అందులో వాదన లేదు. కాని ఒక మీటరు చెడిపోయి, గ్యాసు లేకపోయినా రోజుకు నాలుగుసార్లు మోగుతోందనుకోండి. అప్పుడేం చేస్తాం? గని మూసేస్తామా? గంటను పగలగొడతామా? రెండూ చేయం. మరో పరికరంతో గాలిని పరీక్షిస్తాం. గ్యాసు లేదని తేలాక చెడిపోయిన మీటరును సరిచేస్తాం.

మన శరీరంలోనూ ఇలాంటి ప్రమాద ఘంటిక ఒకటుంది. అదీ అప్పుడప్పుడు ఊరికే మోగుతుంది. ఆ సంగతీ, దాన్ని సరిచేసే పద్ధతీ ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఉన్నట్టుండి ఏమవుతుంది?

ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. నైట్ షిఫ్టు చేసి వచ్చాడు. సరిగా నిద్ర పట్టలేదు. సాయంత్రం బజారులో నడుస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. ఊపిరి అందడం లేదు. ఛాతీ బిగుసుకుంది. చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. ఒళ్లంతా చెమట. తల తిరుగుతోంది. ‘ఇక అయిపోయింది, గుండెపోటే’ అనుకున్నాడు. ఎవరో ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఈసీజీ తీశారు. రక్తపరీక్ష చేశారు. అంతా బాగానే ఉంది! అప్పటికి దడ కూడా తగ్గిపోయింది.

దీన్నే పానిక్ దాడి అంటారు. ‘తీవ్రమైన గాబరా పోటు’ అని చెప్పుకోవచ్చు. ఇది కొద్ది నిమిషాల్లోనే శిఖరానికి చేరి, తరువాత దానంతటదే దిగిపోతుంది. ఒక్కోసారి నిద్రలో కూడా రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యాన పలు దేశాలలో జరిగిన సర్వేల ప్రకారం సుమారు నూటికి 13 మందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి ఇలాంటి దాడి వస్తుంది. చాలామందికి అది అంతటితో పోతుంది.

నూటికి ఇద్దరికన్నా తక్కువమందిలో మాత్రం కథ ముదురుతుంది. దాడులు మళ్లీ మళ్లీ వస్తాయి. మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయం నెలకు పైగా వెంటాడుతుంది. దాడి వచ్చిన చోటికి పోవడం మానేస్తారు. మొదట బజారు, తరువాత బస్సు, ఆ తరువాత డ్యూటీ. ఈ స్థితినే పానిక్ వ్యాధి అంటారు.

ఈ బాధ కొత్తదేమీ కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త మన ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని గుర్తించాడు. అదే సంవత్సరం అమెరికాలో డాకోస్టా అనే వైద్యుడు, అక్కడి అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల గుండెదడ గురించి ఒక పరిశోధన ప్రకటించాడు. వాళ్లకు దడ, ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నాయి. కాని చాలామంది గుండెలో జబ్బు కనబడలేదు. ఈ లక్షణాలు కలిగిన ఒక స్థితికి ‘పానిక్ వ్యాధి’ అన్న పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో చేరింది. అంటే బాధను గమనించిన నూరేళ్లకు పైగా గడిచాక ఈ పేరు స్థిరపడిందన్నమాట.

ఒంట్లో ఉన్న గ్యాసు మీటరు

ఇంతకూ గుండెలో జబ్బు లేకపోతే దడ ఎందుకు వచ్చింది?

పాము కనబడిందనుకోండి. మీరు ఆలోచించేలోపే మెదడు ప్రమాద ఘంటిక కొడుతుంది. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. పరుగెత్తడానికి కాళ్లకు ఎక్కువ రక్తం కావాలి. అందుకని గుండె వేగం పెరుగుతుంది. ఎక్కువ ప్రాణవాయువు కావాలి. అందుకని ఊపిరి వేగం పెరుగుతుంది. ఒళ్లు వేడెక్కకుండా చెమట పడుతుంది. ఇవేవీ జబ్బులు కావు. ఇవన్నీ మనల్ని కాపాడే ఏర్పాట్లు.

శ్వాసకు సంబంధించి మరో విశేషం ఉంది. 1905లో ఆక్స్‌ఫర్డులో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి తేల్చారు. (ఈయన ప్రాణవాయువును కనుగొన్న పాతకాలపు ప్రీస్ట్లీ కాడు.) మామూలుగా మన శ్వాస వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా ప్రాణవాయువు కాదు, బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. రక్తంలో అది కాస్త పెరిగితే చాలు, మెదడు ‘గట్టిగా ఊపిరి తియ్యి’ అని ఆజ్ఞ ఇస్తుంది. అంటే మెదడు అడుగుభాగంలో ఒక గ్యాసు మీటరు ఉన్నట్టే గదా!

ఈ హాల్డేన్ గని కార్మికులకు ఆప్తుడు. గని పేలుళ్లలో చాలామంది మంటవల్ల కాక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల చనిపోతున్నారని 1896లోనే చూపించాడు. ఆ వాయువును పసిగట్టడానికి చిన్న జంతువులను, పక్షులను గనిలోకి తీసుకుపోవాలని చెప్పింది ఆయనే. కెనరీ పిట్టలు గనుల్లోకి వెళ్లింది అలాగే.

కొందరిలో ఈ మీటరు మరీ సున్నితంగా ఉంటుందని శాస్త్రజ్ఞుల అనుమానం. ప్రయోగశాలలో వైద్యుల ఎదుట, నూటికి 35 పాళ్లు బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలిని ఒక్క గుక్క పీలిస్తే, మామూలువారికన్నా పానిక్ వ్యాధి ఉన్నవారిలో ఎక్కువమందికి దాడి వచ్చింది. 1993లో డొనాల్డ్ క్లైన్ అనే అమెరికా మానసిక వైద్యుడు దీనికి ‘ఊపిరాడని అబద్ధపు హెచ్చరిక’ అన్న భావాన్ని ప్రతిపాదించాడు. దీనిపై చర్చ ఇంకా సాగుతూనే ఉంది. కాని ‘అబద్ధపు హెచ్చరిక’ అన్న మాట మాత్రం రోగికి ఎంతో ఉపయోగపడింది.

గానుగెద్దు భయం

ఒకసారి గంట తప్పుగా మోగితే మోగింది. మళ్లీ మళ్లీ ఎందుకు మోగాలి?

1986లో ఆక్స్‌ఫర్డులోనే డేవిడ్ క్లార్క్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దీనికి జవాబు చెప్పాడు. మెట్లెక్కినా, టీ ఎక్కువ తాగినా, నిద్ర చాలకపోయినా, కోపం వచ్చినా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. చాలామంది పట్టించుకోరు. కొందరు మాత్రం ‘ఇది గుండెపోటు’ అని అర్థం చేసుకుంటారు. ఆ తలపుతో భయం పుడుతుంది. భయంతో అడ్రినలిన్ పెరుగుతుంది. అడ్రినలిన్‌తో దడ పెరుగుతుంది. దడ పెరిగేసరికి ‘నేననుకున్నదే నిజం’ అన్న నమ్మకం గట్టిపడుతుంది. భయం ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులాగా అదే బాటలో తిరగడమే!

ఊపిరి సంగతీ అంతే. అవసరం లేకుండా గబగబా ఊపిరి తీస్తే బొగ్గుపులుసు వాయువు మరీ ఎక్కువగా బయటికి పోతుంది. రక్తం కాస్త క్షారగుణం పొందుతుంది. మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందువల్ల తల తేలిపోతుంది. వేళ్లకు తిమ్మిరి ఎక్కుతుంది. చిత్రమేమిటంటే, గాలి ఎక్కువగా పీలుస్తున్నా ‘గాలి చాలడం లేదు’ అనే అనిపిస్తుంది.

ఇక తప్పించుకోవడం ఈ చక్రానికి ఇరుసు. బజారుకు పోకపోతే దాడి రాదు. ‘పోలేదు కాబట్టే బతికాను’ అనిపిస్తుంది. పోయినా బతికేవాడినే అన్న సంగతి తెలిసే అవకాశమే లేకుండా పోతుంది. మీటరును పరీక్షించకుండానే గని మూసుకున్నట్టు!

పరీక్షించి చూద్దాం!

ఈ చక్రాన్ని తెంచే పద్ధతికి ఆలోచన–ప్రవర్తన చికిత్స అని పేరు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ. మంత్రం లేదు, కత్తి లేదు. సైన్సు లాబొరేటరీలో మీరు చేసే పనే ఇది: ఊహ, ప్రయోగం, ఫలితం.

మొదటి మెట్టు – తెలుసుకోవడం. పైన మనం చెప్పుకున్న విషయాలన్నీ చికిత్స చేసే నిపుణులు రోగికి బొమ్మలు గీసి వివరిస్తారు.

రెండో మెట్టు – రాసుకోవడం. దాడి ఎప్పుడు వచ్చింది? ఆ క్షణాన ఏమనుకున్నాను? నిజంగా ఏమయింది? ఒక నోటు పుస్తకంలో రాస్తారు. పది దాడులు రాశాక చూస్తే ‘చచ్చిపోతాను’ అని పదిసార్లు ఉంటుంది. రాసిన మనిషి మాత్రం బతికే ఉన్నాడు!

మూడో మెట్టు – గంటను కావాలని మోగించడం. నిలుచున్నచోటే పరుగెత్తడం, తిరిగే కుర్చీలో తిరగడం, సన్నని గొట్టంతో ఊపిరి తీయడం వంటివి చేయిస్తారు. దడ, తల తిరగడం, ఆయాసం వస్తాయి. కాసేపటికి అవే పోతాయి. ‘ఓహో, దడ వస్తే ప్రాణం పోదన్నమాట’ అని శరీరమే నేర్చుకుంటుంది. ఇవి డాక్టరు పరీక్షించి సరేనన్న తరువాతే చేయాలి. గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ వంటివి ఉన్నవారు సొంతంగా చేయకూడదు.

నాలుగో మెట్టు – మానేసిన చోట్లకు తిరిగి పోవడం. ఒక్కసారిగా కాదు, మెట్లమీద ఎక్కినట్టు. మొదటివారం గోదావరిఖని బస్టాండు దాకా నడిచి నిలబడటం. తరువాత తోడుతో బస్సెక్కి రెండు స్టాపులు. తరువాత ఒంటరిగా. చివరికి గోదావరి వంతెన దాటి మంచిర్యాల దాకా. భయం తగ్గేదాకా అక్కడే ఉండి, తరువాత పై మెట్టు ఎక్కాలి. భయం పూర్తిగా పోయాక బయల్దేరుదామంటే ఎన్నటికీ బయల్దేరలేం.

పానిక్ వ్యాధికి పనిచేసే మందులు కూడా ఉన్నాయి. ఎవరికి మందు, ఎవరికి ఈ చికిత్స, ఎవరికి రెండూ అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. మందును మధ్యలో సొంతంగా ఆపకూడదు.

నిపుణుడు ఎంతసేపు పక్కన ఉండాలి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. సీబీటీ నేర్చిన నిపుణులు ఇంకా తక్కువ. వారం వారం గంటసేపు, అలా మూడు నెలలు కూర్చోవాలంటే ఎంతమందికి వీలవుతుంది? పైగా బొగ్గు గనుల్లో షిఫ్టులు మారుతుంటాయి. ఈ వారం పగలు, వచ్చేవారం రాత్రి. ‘ప్రతి మంగళవారం పదింటికి రండి’ అంటే ఎలా కుదురుతుంది?

పై నాలుగు మెట్లను మళ్లీ చూడండి. వాటిలో ఎక్కువ పని చేసేది ఎవరు? రోగే! చదివేది, రాసేది, బస్సెక్కేది అతనే. మరి నిపుణుడి సమయం తగ్గిస్తే ఏమవుతుంది? శాస్త్రజ్ఞులు దీన్నీ పరీక్షించారు.

1994లో కెనడాలోని క్విబెక్ పరిశోధకులు రోగులకు ఒక పుస్తకం ఇచ్చి, ముఖాముఖి కలయికలు తగ్గించి, నడుమ ఫోనులో మాట్లాడారు. ఫలితం పూర్తి చికిత్సకు సమానంగానే వచ్చింది. 1999లో క్లార్క్ బృందం 43 మందితో ఒక ప్రయోగం ప్రకటించింది. కొందరికి 12 కలయికల దాకా పూర్తి చికిత్స. కొందరికి 5 కలయికలు మాత్రమే, వాటి నడుమ ఇంటివద్ద చదివి చేయడానికి పాఠాలు. మూడో జట్టు కొంతకాలం చికిత్స లేకుండా వేచి ఉంది. వేచి ఉన్నవారికన్నా రెండు జట్లూ ఎంతో మెరుగయ్యాయి. ఆ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తరువాత స్వీడన్ పరిశోధకులు ఇంటర్నెట్ ద్వారా పాఠాలు పంపి, నిపుణులు ఉత్తరాల్లా జవాబులు రాసే పద్ధతిని కూడా నిలబెట్టారు.

అయితే నిపుణుణ్ణి పూర్తిగా తీసేయవచ్చా? తొందరపడకండి. 2000లో స్కాట్లండులో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎక్కువ సమయం పొందిన జట్టే అందరికన్నా బాగా కోలుకుంది. ఉత్త పుస్తకంతో వదిలేసినవారికి అంత మేలు కలగలేదు. పుస్తకం చేతిలో పెట్టి పొమ్మంటే చాలామంది కష్టమైన మెట్టు దగ్గర ఆగిపోతారు. ‘ఈ వారం ఏం చేశావు? ఎక్కడ ఆగావు?’ అని అడిగే మనిషి ఒకరుండాలి.

గనిలో కొత్తగా చేరినవారి సంగతి గుర్తు తెచ్చుకోండి. వృత్తి శిక్షణ కేంద్రంలో ముందు పాఠం చెబుతారు. తరువాత అనుభవజ్ఞుడి వెంట దించుతారు. ఆపైన కార్మికుడు తన పని తానే చేసుకుంటాడు. సర్దార్ రోజంతా చెయ్యి పట్టుకుని ఉండడు. అలాగని రాకుండానూ ఉండడు. వచ్చి చూసి, తప్పుంటే చెప్పి వెళతాడు. కొద్దిపాటి తోడ్పాటుతో చేసే చికిత్స కూడా అలాంటిదే.

మన దగ్గర దారులేమిటి?

నిపుణులు తక్కువగా ఉన్నప్పుడు ఉన్నవారి విద్యను పదిమందికి పంచడమన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయింది. 1985 నుంచి బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ మన పొరుగున, తెలుగువారు కూడా ఉండే బళ్లారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బుల చికిత్సలో తర్ఫీదు ఇచ్చింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కొన్ని జిల్లాల్లో ప్రారంభమయింది. వాటిలో మన మెదక్ ఒకటి. 2022 అక్టోబరు 10న టెలీమానస్ అనే జాతీయ ఫోను సేవ మొదలయింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నైట్ షిఫ్టు దిగివచ్చిన మనిషికి తెల్లవారుజామున కూడా పలుకుతుంది. అది పూర్తి చికిత్సకు బదులు కాదు. కాని మొదటి మెట్టు ఎక్కించి, అవసరమైతే దగ్గరి ఆసుపత్రికి దారి చూపుతుంది.

మీరేం చేయవచ్చు?

ఇంట్లోగాని, బడిలోగాని ఎవరికైనా ఇలా జరిగితే ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. గని నియమమే ఇక్కడా నియమం: పరీక్షించకుండా ‘ఉత్త గంటే’ అనుకోకూడదు. మొదటిసారి ఛాతీనొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. నిజంగా గుండెపోటే కావచ్చు. గుండె, థైరాయిడ్, రక్తహీనత వంటివి డాక్టర్లు పరీక్షించి లేవన్న తరువాతే పానిక్ సంగతి.

డాక్టరు పానిక్ అని తేల్చిన మనిషికి మళ్లీ దాడి వస్తే చుట్టూ గుమిగూడవద్దు. పక్కన కూర్చోండి. ‘ఇది కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది, నేనిక్కడే ఉన్నాను’ అనండి. ఊపిరి మెల్లగా వదలమనండి. ముక్కుకు సంచి పెట్టి ఊపిరి పీల్చమనడం ప్రమాదకరం, చేయకండి. ‘గాలి సోకింది’ అని తాయెత్తులకు, ముగ్గులకు డబ్బు పోయడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది తప్ప మేలు లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎగతాళి చేయవద్దు. ‘ఇన్నేళ్లు బాయి దిగినోనికి భయమేందిరా?’ అన్న ఒక్క మాటతో మనిషి నోరు మూసుకుపోతుంది. చెప్పుకోలేని కార్మికుడు డ్యూటీ మానేస్తాడు. మస్టర్లు పోతాయి, జీతం పోతుంది, ఇల్లు కుంగిపోతుంది. చెప్పుకోలేని విద్యార్థి పరీక్ష హాలుకే పోడు. గంట తప్పుగా మోగడం పిరికితనం కాదు. ప్రాణం కాపాడటానికి పుట్టిన గంటే అది. కాస్త ఎక్కువ సున్నితంగా ఉంది, అంతే.

మీ బడిలోనే ఎవరైనా ఈ మధ్య బస్సెక్కడం, ప్రార్థనలో నిలబడటం మానేసి ఉంటే వారితో ఒకసారి మాట్లాడండి. ఈ నాలుగు మెట్ల సంగతి చెప్పండి. తరువాత మీ టీచరుకో, ఇంట్లో పెద్దలకో చెప్పి డాక్టరు దగ్గరకు తీసుకుపోయే ఏర్పాటు చేయండి. నిపుణుడితో గడిపే గంటలు కొన్నే కావచ్చు. కాని వాటి నడుమ రోజూ ఒక మెట్టు ఎక్కుతున్నప్పుడు పక్కన నడిచే స్నేహితుడు కూడా కావాలి గదా!